ముంచి తీసిన బట్టలు

పొద్దున్నే గోదావరి ఒడ్డుకు పోయి, ఏడుస్తున్న మనుషుల దగ్గర చనిపోయినవాళ్ల బట్టలు అడిగి తీసుకోవడం నా పనయిందని చెబితే మొదట్లో ఎవరూ నమ్మలేదు. మా వదిన మాత్రం వెంటనే నమ్మింది. నమ్మి, చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

"నర్సు పని చేసినన్ని రోజులు చేసినవ్. ఇప్పుడు గీ పనేంది పిల్లా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది. మా వదిన ఊరుకుందంటే కోపం తగ్గిందని కాదు, మాటలు దాచిపెట్టుకుందని అర్థం.

గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఒళ్లంతా షిఫ్టులకు అలవాటు పడిపోయింది. డ్యూటీ లేకపోయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక నడకకు బయలుదేరేదాన్ని. బ్రిడ్జి పక్కనుంచి దిగి, స్నానాల రేవు దాకా పోయి, కాసేపు నీళ్లు చూసి వెనక్కి రావడం. మా వీధిలోనే ఉండే కాక ఒకాయన నాతోపాటు నడిచేవాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులని డాక్టరు నడవమంటే నడిచేవాడు గానీ, దారి పొడుగునా మోకాళ్లను తిడుతూనే ఉండేవాడు. మా ఇద్దరినీ చూసి మరో నలుగురైదుగురు కలిశారు. అంతే, మా గుంపు అంటే అదే. దానికో పేరు లేదు, బోర్డు లేదు.

ఒక ఎండాకాలం నది బాగా తగ్గింది. అంతకుముందు కింద కట్టిన ఆనకట్ట వల్ల నీళ్లు రేవు మెట్ల దాకా నిలబడి ఉండేవి. పైకి చూస్తే నిండుగా, నున్నగా కనిపించేది. అడుగున ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. నీళ్లు జారిపోయాక కనిపించింది. రాళ్లకు చుట్టుకుపోయిన చీరలు, బురదలో సగం కూరుకుపోయిన బొంతలు, దిండ్లు, ప్యాంట్లు, స్వెటర్లు, చిన్నపిల్లల గౌన్లు కూడా. కొన్నింటి రంగు పోయింది. కొన్ని మాత్రం నిన్నగాక మొన్న షాపులోంచి తెచ్చినట్టే ఉన్నాయి.

కాక మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశాడు. "గిది నదా, చాకిరేవా బిడ్డా?" అన్నాడు.

మా వైపు మనిషి పోతే దహనం ఈ ఒడ్డునే చేస్తారు. పదో రోజు మళ్లీ ఇక్కడికే వస్తారు. మగవాళ్లు తలలు తీయించుకుంటారు, అందరూ స్నానాలు చేస్తారు, పోయిన మనిషి కట్టిన బట్టలు, పడుకున్న బొంత నీళ్లలో వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతారు. గోదారమ్మ తీసుకుపోతుందని నమ్మకం. ఈ ఒడ్డు గని కాలనీల నుంచి, రామగుండం నుంచి, నది అవతలి మందమర్రి వైపు నుంచి కూడా వస్తారు. నేనూ చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మా నాయనవి, మా అవ్వవి బట్టలు మేమూ అట్లాగే వదిలాం. అవి ఎటు పోయి ఉంటాయని ఒక్కసారీ అనుకోలేదు.

మేము ఊరికే చూసి వచ్చేయలేకపోయాం. కాక ఇనుప చువ్వ వంచి కొక్కెం చేశాడు. ఉదయాన్నే ఒక గంటసేపు బట్టలు లాగడం మొదలుపెట్టాం. బురద పట్టిన చీర ఎంత బరువుంటుందో లాగినవాళ్లకే తెలుస్తుంది. ఇద్దరం పట్టుకుంటే గానీ కదిలేది కాదు. నూలు లుంగీలు చేతిలోకి రాగానే చిరిగిపోయేవి. పాలిస్టర్ చీరలు మాత్రం ఏళ్ల తరబడి మట్టిలో ఉన్నా పోగు చెదరకుండా వచ్చేవి. పగిలిన గాజుముక్కలు అరికాళ్లలో దిగేవి. వాటిని తీసి కట్టు కట్టే పని నాదే. దవాఖాన వదిలినా దూదీ గుడ్డా నన్ను వదల్లేదని నవ్వుకునేవాళ్లం.

అడుగున ఉన్నవి లాగుతుంటే పైన కొత్తవి పడుతూనే ఉండేవి. అయినా ఎవరినీ ఏమీ అనేవాళ్లం కాదు. దినాలకు వచ్చినవాళ్లను ఏమంటాం?

వానలు పడి నీళ్లు మళ్లీ నిండినాక ఒకరోజు జరిగిన సంగతి మా పద్ధతిని మార్చింది. ఒక పడుచు బెస్తాయన థర్మోకోల్ తెప్ప మీద వలకు వెళ్లాడు. వల ఏదో పట్టుకుందని, విడిపించుకుందామని నీళ్లలోకి దిగాడు. ఎంతకూ పైకి రాలేదు. పక్క తెప్ప మీదున్నాయన కేకలు వేస్తూ దూకాడు. ఒడ్డున మేము అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాం. మనిషిని పైకి తెచ్చేసరికి రెండు కాళ్లకూ ఆకుపచ్చ చీర ఒకటి మెలితిరిగి చుట్టుకుని ఉంది.

ఒడ్డుకు తెచ్చి పడుకోబెట్టారు. నా చేతులు వాటంతట అవే పని చేశాయి. ఊపిరి లేదు. నోట్లో ఉన్న మట్టి తీసి, ముక్కు మూసి, నోటితో గాలి ఊదాను. ఛాతీ నొక్కాను. మళ్లీ ఊదాను. ఉన్నట్టుండి ఒళ్లంతా కుదుపుకుని దగ్గాడు. పక్కకు తిప్పితే నీళ్లన్నీ కక్కుకున్నాడు. దవాఖానలో పుట్టిన పిల్లల ఏడుపులు ఎన్నో విన్నాను. ఆ దగ్గు కూడా నాకు అట్లాగే వినిపించింది. కాక నా పక్కనే కూలబడి, "బతికిండు, బతికిండు" అని అదే మాట అంటూ ఉండిపోయాడు.

ఆటోలో దవాఖానకు పంపేలోపు అతని భార్య పరుగెత్తుకొచ్చింది. మొగుడు కళ్లు తెరిచి చూస్తున్నాడని తెలిశాక ఆమె భయమంతా కోపమైంది. కాళ్ల దగ్గర పడి ఉన్న చీరను ఎత్తి రేవులో ఉన్నవాళ్లందరికీ చూపించింది.

"ఎవ్వల చీరనో నా మొగని కాళ్లకు చుట్టిన్రు! సచ్చినోళ్ల ఎంబడి బతికున్నోళ్లను గూడ తోలుతరా?"

ఆ రోజు దినాలకు వచ్చిన ఇంటివాళ్లు తలలు వంచుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ చీర వాళ్లది కాదు. ఎవరిదో, ఎప్పటిదో.

ఆ తర్వాతే మేము అడగడం మొదలుపెట్టాం. బట్టలు నీళ్లలో వేయకండి, మాకివ్వండి అని. తీసుకుని ఏం చేస్తామన్నది ముందే ఆలోచించాం. లారీల షెడ్డు నడిపే ఒక భాయ్ నాకు తెలుసు. వాళ్ల అమ్మకు నేను చాలాకాలం సూదులు వేశాను. షెడ్లలో ఇంజన్లు తుడవడానికి, చేతులు తుడుచుకోవడానికి రోజూ పాత బట్ట కావాలి. అడిగితే సరేనన్నాడు. పనివాళ్లు వెనకాడితే ఆయనే సర్దిచెప్పాడు.

"అల్లా దగ్గరికి పోయేటోడు బట్టలు తీస్కపోడురా. ఆయన ఇడిసిపెట్టి పోయిండు, మనం తుడ్సుకుంటున్నం. గంతే," అన్నాడట.

నేను ఒక్క షరతు పెట్టాను. బట్టలన్నీ బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెట్టి, ఎండలో బాగా ఎండాకనే షెడ్డుకు పోవాలి. భాయ్ పెద్ద డ్రమ్ము ఒకటి కడిగి, నీలం రంగు వేయించి పంపాడు. దాని మీద 'బట్టలు ఇందులో వేయండి' అని రాయించి రేవు మెట్ల పక్కన పెట్టాం.

కొందరు మాట్లాడకుండా వేసి వెళ్లేవారు. కొందరు మేము చెప్పేది తలూపుతూ విని, మేము అటు తిరగగానే నీళ్లలోకి విసిరేవారు. చాలామందికి మేము అక్కడ నిలబడటమే కష్టంగా ఉండేది. కొందరు నన్ను గుర్తుపట్టి, "సిస్టరమ్మా, నువ్వా?" అని ఆశ్చర్యపోయేవారు. వాళ్ల ఇంటి మనిషికి నేను సూదివేసి ఉంటాను, సెలైన్ పెట్టి ఉంటాను. ఇప్పుడు బట్టలడుగుతున్నాను.

ఒకనాడు ఒక కొడుకు, అప్పుడే తల తీయించుకుని వచ్చినతను, మూట పట్టుకుని డ్రమ్ము దగ్గర ఆగాడు. దాని మీద రాసింది చదివాడు. నేను ఎప్పటిలాగే చెప్పబోయాను.

"మా నాయిన బట్టలు డబ్బల ఎయ్యాల్నా?" అన్నాడు. "మా నాయినేమన్న చెత్తనా?"

"చెత్త అంటలేం బిడ్డా. నీళ్లల్ల వడితే..."

పూర్తిచేయనివ్వలేదు. రెండు చేతులతో డ్రమ్మును ఒక్క తోపు తోశాడు. అది మెట్ల మీద దొర్లుకుంటూ పోయి నీళ్లలో పడి తేలింది. లోపలున్న బట్టలన్నీ బయటపడి రేవంతా పరుచుకున్నాయి. అతని తల్లి మెట్ల మీద కూర్చుని గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. వాళ్ల బంధువులు మమ్మల్ని చుట్టుముట్టారు. చావు కాడ కూడా ఇదేం లొల్లి అని ఒకరు, ఎవరిచ్చిండ్రు మీకు హక్కు అని ఒకరు. నేను బెస్తాయన సంగతి చెప్పబోయాను. ఎవరూ వినే స్థితిలో లేరు. కాక మోకాళ్ల నొప్పి మరిచిపోయి నీళ్లలో దిగి డ్రమ్మును పట్టుకుని వచ్చాడు.

వాళ్లంతా పోయాక రేవులో దినాలు జరిపించే అయ్యగారు నా దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి, నెమ్మదైనవాడు.

"సిస్టరమ్మా, మీరు చెప్పేది మంచిదే. గానీ దుఃఖంల ఉన్నోళ్లకు మంచి మాట గూడ గుచ్చుకుంటది. జర దూరం ఉండుండ్రి."

ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు. ఆ తర్వాత మేము మెట్ల మీదికి పోకుండా దూరంగా, స్నానాల గది పక్కన నిలబడేవాళ్లం. డ్రమ్ము ఉన్నచోటే ఉండేది. రోజులు గడిచేకొద్దీ మాలో ఇద్దరు రావడం మానేశారు. నేనూ మానేద్దామనుకున్నాను. ఊపిరి ఆగిపోయిన మనిషికి ఊపిరి పోయడం నాకు తెలుసు గానీ, పదిరోజుల నుంచి నిద్రలేని మనిషి చేతిలోంచి మూట తీసుకోవడం మాత్రం చేతకాలేదు.

ఆ చలికాలమే మా అన్న పోయాడు.

ఉద్యోగమంతా బొగ్గుగనిలో, భూమి లోపలే చేశాడు. రిటైరయ్యాక ఊపిరితిత్తులు మొరాయించాయి. చివరి నెలలు ఇంట్లోనే ఆక్సిజన్ మీద ఉన్నాడు. రోజూ సాయంత్రం పోయి చూసొచ్చేదాన్ని. మాట్లాడితే ఆయాసం వచ్చేది, అయినా వేళాకోళం మానేవాడు కాదు. ఒకరోజు నన్ను చూసి కళ్లతోనే నవ్వి, "నా బట్టలు గూడ నువ్వే ఏరుకుంటవా చెల్లే?" అన్నాడు. వదిన అక్కడే ఉంది. "నోరు మంచిగుండదా నీకు?" అని ఆయనను కసిరి, నన్నొక చూపు చూసి వంటింట్లోకి పోయింది.

అన్న పోయిన రోజు నేను ఏడవలేదు. ఆక్సిజన్ పైపు తీశాను, కళ్లు మూశాను, గడ్డం కింద గుడ్డ కట్టాను, వచ్చినవాళ్లకు చాయ పెట్టించాను. వదినకు బీపీ మాత్రలు వేళకు ఇచ్చాను. పది రోజులూ అట్లాగే నర్సులాగా తిరిగాను.

పదో రోజు పొద్దున వదిన దుప్పటి పరిచి అన్న బట్టలన్నీ అందులో పెట్టి మూటకట్టింది. తెల్ల చొక్కాలు, ప్యాంట్లు, లుంగీలు, తువ్వాలలు, మంకీ క్యాప్, స్వెటర్. నేను ఒక కొస పట్టుకోబోతే, "నాకియ్యి" అని మూటను తన ఒళ్లోకి లాక్కుంది. రేవుకు పోయేదాకా ఆటోలో దాన్ని వదలలేదు. నేను ఏమీ అడగకూడదని ఇంట్లోనే నిర్ణయించుకున్నాను. ఆమె మొగుడి బట్టలు, ఆమె ఇష్టం. ఈ ఒక్క మూటా నదిలో పడితే పడనీ అనుకున్నాను.

రేవు దగ్గర కాక, మావాళ్లు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎప్పుడూ మెట్ల పక్కన ఉండే నీలం డ్రమ్ము కనిపించలేదు. నేను చెప్పకుండానే కాక దాన్ని స్నానాల గది వెనక్కి జరిపించాడు.

అన్న కొడుకు తల తీయించుకుని వచ్చాడు. అయ్యగారు చేయించాల్సినవన్నీ చేయించాడు. చివరికి వదిన మూట పట్టుకుని లేచింది. ఆమెను ఒంటరిగా దిగనివ్వక నేను మోచేయి పట్టుకున్నాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంకో అడుగు వేసి ఆమె తూలింది. నేను గట్టిగా పట్టుకున్నాను.

"కాలికేందో చుట్టుకున్నది," అంది.

కాలు పైకెత్తితే వేళ్ల మధ్య బురదతో పాటు ఏదో వచ్చింది. వదిన వంగి దాన్ని లాగింది. గళ్ల చొక్కా. గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. కాలరు సరిగ్గా మడిచినట్టే ఉంది.

"గిదేంది?"

"అంగి వదినా."

"ఎవలది?"

"ఎవలదో. ఎన్నటిదో."

"ఇంక ఈడనే ఉన్నదా?"

వదిన అక్కడే నిలబడి కాలితో అటూ ఇటూ తడిమింది. మెత్తగా, జారుడుగా కాలి కింద ఏమేం తగులుతున్నాయో ఆమె ముఖంలోనే తెలిసిపోయింది.

"కాళ్లకింద అన్నీ బట్టలేనా? గోదారి తీస్కపోతదన్నరు గద?"

"కొన్ని పోతయ్ వదినా. మస్తుగ ఈడనే ఉంటయ్."

ఆమె చేతిలోని గళ్ల చొక్కాను చూసింది. చంకలో ఉన్న మూటను చూసింది. వెనక మెట్ల మీద బంధువులు ఎందుకాలస్యమని గుసగుసలు పోతున్నారు.

"మీ అన్నకు మురికంటే పడకపోతుండె," అంది మెల్లగా. "డ్యూటీ దిగొచ్చి ఒళ్లంత రుద్ది రుద్ది తానం చేసి, తెల్లంగి ఏసుకున్నంకనే చాయ తాగేటోడు. నీకెర్కనే గద. ఆయన అంగి ఈ బురదల వడుండాల్నా?"

ఇంతకాలం సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కనపెట్టి, నేను ఆమె మోచేయి మాత్రం వదలకుండా పట్టుకున్నాను.

వదిన అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, ముంచి తీస్తే తప్పయితదా?"

అయ్యగారికి వెంటనే అర్థం కాలేదు. "ఏం ముంచుడమ్మా?"

"గోదారమ్మకు జూపెట్టి, ముంచి, మల్ల తీసుకుంటే. ఆమె ముట్టుకున్నట్టే గద. ఇడిసిపెట్టాల్సిందేనా?"

అయ్యగారు నది వైపు చూశాడు. "ముట్టుకునుడే ముఖ్యం తల్లీ. ఆమె ముట్టుకున్నదంటే తీసుకున్నట్టే. మూడుసార్లు ముంచు. మూడోసారి ఆయనను తల్సుకొని తియ్యి. తప్పుంటే నా నెత్తిమీద."

మెట్ల మీదనుంచి వదిన పెద్దన్న గట్టిగా అన్నాడు. "ఇదేం కొత్త రివాజు? మనింట్ల ఎప్పుడన్న ఉన్నదా? నలుగురు ఏమంటరు?"

"నా మొగడు అన్నా. నాకు తెల్సు ఆయనకేం గావాల్నో," అంది వదిన. గొంతు పెంచలేదు. ఆ మాటతో ఆయన చల్లబడ్డాడు.

మూట ఒక కొస నాకిచ్చింది. ఇద్దరం కలిసి ముంచాం. నీళ్లు పీల్చుకుని మూట బరువెక్కింది. పైకెత్తితే ధారలు కారాయి. రెండోసారి ముంచాం. మూడోసారి ముంచి వదిన ఎత్తలేదు. కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఉండిపోయింది. నీళ్లలో మూట కింద నా చేతులకు దుప్పట్లోంచి అన్న స్వెటర్ తగిలింది. నేనే కొనిచ్చిన స్వెటర్. పది రోజులుగా ఆగి ఉన్న ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దగానే ఏడ్చాను. వదిన ఒక చేత్తో మూట పట్టుకుని రెండో చేత్తో నా వీపు నిమిరింది. ఏడుస్తుంటేనే ఛాతీ తేలికైంది. అంతకాలం గుండె మీద ఎంత బరువు పెట్టుకుని తిరిగానో అది దిగాకే తెలిసింది.

ఒడ్డుకు వచ్చాక వదిన మూట విప్పి ఒక్కొక్క బట్టా పిండింది. తువ్వాల ఒకటి తీసి పక్కన పెట్టుకుని, "ఇది నాకుండనీ," అంది. తర్వాత చుట్టూ చూసింది.

"నీ డబ్బ ఏది పిల్లా? అప్పటిసంది చూస్తున్న, కనబడ్తలేదు."

కాక దాన్ని దాదాపు పరుగెత్తుతూ తెచ్చాడు. తడిబట్టలను వదిన ఇస్త్రీకి ఇచ్చేటట్టు మడిచి ఒక్కొక్కటీ అందులో పెట్టింది.

ఆ పూట రేవులో దినాలకు వచ్చిన ఇంకో ఇంటివాళ్లు ఇదంతా చూస్తూ ఉన్నారు. మేము బయలుదేరుతుంటే వాళ్ల ముసలావిడ ఒకామె అయ్యగారిని అడగడం వినిపించింది. "మేం గూడ గట్ల చెయ్యొచ్చునా?"

అది అట్లా పాకింది. మేము ఎవరినీ అడగాల్సిన అవసరం తగ్గిపోయింది. అయ్యగారే చెప్పేవాడు, మూడుసార్లు ముంచి తీయమని. వినేవాళ్లకు అది తరతరాలుగా ఉన్న పద్ధతిలాగే వినిపించేది. ముంచి తీసినవాళ్లలో చాలామంది డ్రమ్ములో వేసేవారు. కొందరు ఒక చీరో తువ్వాలో ఇంటికి తీసుకుపోయేవారు. మంచి బట్టలైతే ఉతికి ఎవరికైనా ఇచ్చుకుంటామని పట్టుకెళ్లేవారూ ఉన్నారు. పడేసేవాళ్లు ఇప్పటికీ లేకపోలేదు. ఉన్నారు. కానీ ఒడ్డున లొల్లి లేదు. పొద్దున్నే రేవుకు పోవాలంటే భయంగా ఉండేది నాకు. అది పోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు అడుగున మిగిలిన పాత బట్టలు కూడా లాగేశాం.

కొన్ని నెలలు గడిచాక వదిన కూడా మాతో రావడం మొదలుపెట్టింది. ఊరికే ఇంట్లో ఉంటే పొద్దుపోతలేదని చెప్పింది. ఆమె చెత్త ఏరదు, కొక్కెం పట్టదు. దినాలకు వచ్చిన ఆడవాళ్ల పక్కన పోయి కూర్చుంటుంది. ఏం ఊరు, ఏమైంది, ఎంతమంది పిల్లలు అని మాట్లాడుతుంది. వాళ్లు ఏడిస్తే తానూ కొంచెం ఏడుస్తుంది. బట్టల సంగతి చివర్లో ఎక్కడో వస్తుంది.

ఒకరోజు తిరిగొస్తూ నన్ను తప్పుపట్టింది. "నువ్వు ముందుగాల పారెయ్యకుండ్రి, పారెయ్యకుండ్రి అంటుంటివి. ఎవలు పారేస్తున్నరు పిల్లా? సాగనంపుతున్నరు. గా మాట వింటే నాకే మండుతుండె."

"మరి ముందే చెప్పద్దా వదినా?"

"నాతోని మాట్లాడినవా నువ్వు?"

మాట్లాడనిది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ ఏడు గోదావరికి వరద బాగా వచ్చింది. బ్రిడ్జి మీద నిలబడి చూస్తే ఎర్రటి నీళ్లు చెట్లను మోసుకుంటూ పోతున్నాయి. రేవు మెట్లు మునిగిపోయాయి. నీళ్లు తీశాక ఏం చూడాల్సివస్తుందో అని మా అందరికీ లోపల దిగులే. పైనుంచి ఎన్ని ఊళ్ల మురికి కొట్టుకొస్తుందో తెలియదు. వరద తగ్గిన మొదటి ఆదివారం అందరం పోయాం. మానేసిన ఇద్దరు కూడా వచ్చారు. రబ్బరు తొడుగులు, కొక్కేలు, గోనెసంచులు పట్టుకుని పెద్ద యుద్ధానికి పోయినట్టే పోయాం.

మెట్ల మీద బొంతంత మందాన ఒండ్రు పేరుకుని ఉంది. కొమ్మలు, ప్లాస్టిక్ సీసాలు, థర్మోకోల్ ప్లేట్లు, జత తప్పిన చెప్పులు. కాక కర్రతో నీళ్ల అంచు పొడుగునా గుచ్చి చూసుకుంటూ పోయాడు. చిరిగిన చీర ముక్కలు రెండో మూడో దొరికాయి. ఎక్కడో పైనుంచి వచ్చినవి. అంతే. ఆయన నమ్మలేక అదే దారిలో మళ్లీ గుచ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. ఇసుకే తగులుతోందని చెబుతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఒండ్రు ఊడ్చి, సీసాలు ఏరేసరికి ఇంకా ఎండ కూడా ముదరలేదు. చేతులకు పని లేక అందరం కడిగిన మెట్ల మీద కూర్చున్నాం. చాలాసేపు ఎవరూ లేవలేదు. నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి గానీ నెమ్మదిగా పారుతున్నాయి.

"గిన్ని సంచులు ఎందుకు మోస్కొచ్చినమో," అన్నాడు కాక.

సగానికి సగం సంచులు విప్పకుండానే మిగిలాయి. వదిన అందులో కొత్తది ఒకటి తీసి దులిపి చంకలో పెట్టుకుంది. దారిలో మార్కెట్ దగ్గర ఆటో ఆపించి, దోసకాయలు బేరమాడి దాని నిండా పోయించింది. సంచి బరువుకు నేను గునుస్తుంటే, "పప్పుల ఏస్తే ఏపాటివి? కాకకిన్ని, భాయ్ ఇంటికిన్ని పంపు," అంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, నేనూ వదినా కత్తిపీట ముందర కూర్చుని, చేదున్నదేమో అని ప్రతి దోసకాయనూ కొంచెం కొరికి చూస్తూ కోసుకున్నాం.